‘పర’ పోగొట్టుకున్న ఇంగితజ్ఞానం

సందేహం: సామాజిక మనోవిజ్ఞానం చదువుతున్నాను. ‘వెర్బల్, నాన్‌వెర్బల్ కమ్యూనికేషన్’ అన్నవాటికి మా పుస్తకంలో ఒకచోట ‘శాబ్దిక, అశాబ్దిక సంభాషణ’ అనీ, ఇంకోచోట ‘మౌఖిక, మౌఖికేతర భావప్రసారం’ అనీ ఉంది. ఏది సరైనది? ఎదుటివారి ముఖకవళికలను చదవగలగడాన్ని ఒక వ్యాసంలో ‘ఇంగితజ్ఞానం’ అన్నారు. ఇంగితజ్ఞానం అంటే కామన్‌సెన్స్ కదా? ఇక్కడ ఆ మాట ఎలా పొసుగుతుంది?

సమాధానం: మీ పుస్తకంలోని రెండు జంటలూ నాకు నచ్చలేదు. మీరు అనుమానించిన మూడో మాటే నచ్చింది. ముందు మొదటివాటి సంగతి త్వరగా తేల్చేస్తాను.

శబ్దానికి సంస్కృతంలో ‘పదం’ అనే అర్థం ఉంది. రామశబ్దం వల్లించినవాళ్లకు అది వేరే చెప్పాలా? ‘అశాబ్దికం’ కట్టినవారు ఆ అర్థంలోనే కట్టారు, వ్యాకరణం ప్రకారం తప్పు పట్టలేం. కాని ఈనాటి తెలుగు చెవికి శబ్దమంటే చప్పుడు. ‘అశాబ్దికం’ అనగానే చప్పుడు లేనిది కాబోలనిపిస్తుంది. తికమక అక్కడే మొదలవుతుంది. నిట్టూర్పుకు చప్పుడుంది, అయినా అది నాన్‌వెర్బల్. ఉత్తరానికి చప్పుడు లేదు, అయినా అది వెర్బల్. బధిరుల సంజ్ఞాభాషలో గొంతుకు పనే లేదు, అయినా అదీ వెర్బలే. దానికి పదాలున్నాయి, వాక్యనిర్మాణం ఉంది. అమెరికన్ సంజ్ఞాభాషకు అలాంటి నిర్మాణముందని భాషావేత్త విలియం స్టోకీ 1960లోనే చూపించాడు. అంటే గీత గీయాల్సింది చప్పుడు దగ్గర కాదు, భాష దగ్గర. పోనీ ‘సంభాషణ’ సరిగ్గా కుదిరిందా అంటే అదీ లేదు. భాష్ ధాతువుకు అర్థమే మాట్లాడడం. ‘అశాబ్దిక సంభాషణ’ అంటే మాటలు లేకుండా మాట్లాడుకోవడమని తేలుతుంది.

‘మౌఖికం’ ఇంకా ఇరుకు. అది నోటితో చెప్పినదానికే సరిపోతుంది, రాసినది బయటే ఉండిపోతుంది. పైగా సంస్కృతంలో ముఖమంటే నోరూ అవును, మొహమూ అవును. ముడిపడిన కనుబొమలను ‘మౌఖికేతరం’ కిందికి తోయడం నా మనసుకు ఒప్పదు. ‘భావప్రసారం’ కన్నా ‘భావవినిమయం’ మేలు. ప్రసారం ఒకవైపు నుంచి వెళ్లిపోతుంది, వినిమయానికి ఇద్దరు కావాలి.

ఇక ఇంగితం. మీరు అడగకపోయినా ఎప్పుడో ఒకప్పుడు దీని గురించి రాయాలనుకుంటూనే ఉన్నాను.

దీనికి మూలం ‘ఇంగ్’ ధాతువు, కదలడమని అర్థం. ఈ ధాతువు మీరు వినే ఉంటారు, గుర్తుపట్టి ఉండరు. భగవద్గీత ఆరో అధ్యాయంలో ‘యథా దీపో నివాతస్థో నేంగతే’ అని ఉంది. ‘నేంగతే’ను విడదీస్తే న, ఇంగతే. గాలి లేని చోట ఉంచిన దీపం కదలదని భావం. ఇంగితమంటే మొదట ఆ కదలికే. గాలి కంటికి కనబడదు, దీపం ఊగితే వీచిందని తెలుస్తుంది. మనసూ కంటికి కనబడదు. రెప్ప, పెదవి, వేళ్లు కదిలితే లోపల ఏదో వీచిందని తెలుస్తుంది. సంస్కృత నిఘంటువు అమరకోశం ‘ఆకారస్త్వింగ ఇంగితమ్’ అని ఆకారాన్ని, ఇంగాన్ని, ఇంగితాన్ని ఒక్క వరుసలో కూర్చోబెట్టింది. ‘అభిప్రాయం’, ‘ఉద్దేశం’ అనే అర్థాలు ఆ తర్వాత చేరాయి. కదలిక పేరు కదలిక వెనకున్న తలపుకూ వచ్చింది.

అర్థశాస్త్రంలో కౌటిల్యుడు ఇంకా లోతుకు వెళ్లాడు. రాజు మంత్రులతో చేసే ఆలోచన రహస్యంగా ఉండాలని చెబుతూ, రహస్యం ఏ దారిన పొక్కుతుందో లెక్కపెట్టి, ఇంగితానికి రెండు మాటల్లో నిర్వచనం ఇచ్చాడు: ‘ఇంగితమన్యథావృత్తిః’. మామూలుగా ఉండే తీరు కాకుండా వేరుగా ఉండడమే ఇంగితం. ఈ ‘అన్యథా’ను వదలకండి. చేతులు కట్టుకున్నవాడల్లా మనసు మూసుకున్నాడనీ, ముక్కు తడుముకున్నవాడల్లా అబద్ధమాడుతున్నాడనీ చెప్పే చిట్కాల పుస్తకాలు ఈ ఒక్క మాటతో పక్కకు తొలగిపోతాయి. ఎప్పుడూ చేతులు కట్టుకునే మనిషి కట్టుకుంటే అది ఇంగితం కాదు, అలవాటు. ఎప్పుడూ కట్టుకోనివాడు ఒక ప్రశ్న వినగానే కట్టుకుంటే అప్పుడు చూడాలి. ఎదుటివాడి మామూలు తీరు తెలియకుండా వాడి ఇంగితం తెలియదు. ముక్కూ మొహం తెలియనివాళ్ల మాటల్లో నిజమేదో అబద్ధమేదో చెప్పమంటే జనం నూటికి 54 సార్లు మాత్రమే సరిగ్గా చెప్పగలుగుతున్నారని, ఎన్నో పరిశోధనలను కలిపి చూసి మనోవిజ్ఞానులు బాండ్, డిపాలో 2006లో తేల్చారు. కళ్లు మూసుకుని చెప్పినా 50 వస్తుంది కదా. ఆ ఫలితం చూసినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది కౌటిల్యుడి ‘అన్యథా’యే.

ఇప్పుడు మీ అసలు సందేహానికి వస్తాను. పంచతంత్రంలో, హితోపదేశంలో ఒక శ్లోకముంది:

ఉదీరితోఽర్థః పశునాపి గృహ్యతే
హయాశ్చ నాగాశ్చ వహంతి చోదితాః
అనుక్తమప్యూహతి పండితో జనః
పరేంగితజ్ఞానఫలా హి బుద్ధయః

పైకి చెప్పిన సంగతి పశువుకూ అర్థమవుతుంది. అదిలిస్తే గుర్రాలూ ఏనుగులూ బరువు మోస్తాయి. చెప్పనిదాన్ని ఊహించేవాడు పండితుడు. బుద్ధి ఉన్నందుకు ఫలం ‘పరేంగితజ్ఞానం’, పరుల ఇంగితం తెలియడం. నాలుగు పాదాల్లో వెర్బల్, నాన్‌వెర్బల్ రెండూ వచ్చేశాయి: ‘ఉదీరితం’ ఒకవైపు, ‘అనుక్తం’ ఒకవైపు.

ఈ శ్లోకం ఏ సందర్భంలోదో కూడా చూడండి. పింగళకమనే సింహం నీళ్లు తాగడానికి యమునకు వెళుతుంది. ఎద్దు రంకె వినబడుతుంది. అది ఏ జంతువో తెలియక సింహానికి భయం పుడుతుంది. పైకి తేలనివ్వదు, ఎవరితో ఏమీ అనదు. నీళ్లు మాత్రం తాగకుండా వెనక్కి వచ్చి కూర్చుంటుంది. కొలువులోని నక్క దమనకుడు అది చూశాడు. దాహంతో వెళ్లినవాడు తాగకుండా తిరిగొచ్చాడంటే, అదే కౌటిల్యుడు చెప్పిన అన్యథావృత్తి. రాజు భయపడ్డాడని దమనకుడు పసిగట్టాడు. నీకెలా తెలిసిందని తోటి నక్క కరటకుడు అడిగితే ఈ శ్లోకం చదివాడు. ఈ కథ చిన్నయసూరి 1853 నాటి నీతిచంద్రికలో, మిత్రభేదంలో చదువుకున్నదే.

మనం ఆ సమాసంలోంచి ‘పర’ను కోసేశాం. ‘పరేంగితజ్ఞానం’లో ఎదుటి మనిషి ఉన్నాడు. ‘ఇంగితజ్ఞానం’లో వాడు కనబడడు, కనబడనివాణ్ని మరిచిపోవడం తేలిక. ‘చెప్పకుండానే తెలుసుకోవాలి’ అన్నది మెల్లగా ‘ఆపాటి తెలియదా’గా మారింది, అక్కణ్నుంచి కామన్‌సెన్స్‌గా స్థిరపడింది. పత్రికల్లో, టీవీ చర్చల్లో, ఒకరినొకరు తిట్టుకునే చోట ఇప్పుడు ఆ అర్థమే తిరుగుతోంది. నాకది బాధగానే ఉంది. కామన్‌సెన్స్‌కు లోకజ్ఞానం ఉంది, వివేకం ఉంది. మబ్బు పట్టినప్పుడు గొడుగు తీసుకెళ్లడం లోకజ్ఞానం. మనం మాట్లాడుతుండగా ఎదుటివాడు గడియారం వైపు రెండోసారి చూస్తే మాట ముగించడం ఇంగితజ్ఞానం. మొదటిదానికి ఆకాశాన్ని చూస్తే చాలు. రెండోదానికి మనిషిని చూడాలి. ఇలాంటి తేడాను చూపే మాట చేతిలో ఉండగా దాన్ని తిట్టుగా అరగదీసి, ఆ ఖాళీలో ‘అశాబ్దిక సంభాషణ’ను తెచ్చి నిలబెట్టుకున్నాం.

తెలుగులో ఇంగితజ్ఞానానికి నేను ఎప్పుడూ చూపించే చోటు తిక్కన విరాటపర్వం. కీచకుడు నిండు సభలో ద్రౌపదిని తన్నాడు. వంటవాడి వేషంలో, వలలుడనే పేరుతో ఉన్న భీముడు అక్కడే ఉన్నాడు. నోరు మెదిపితే అజ్ఞాతవాసం చెడుతుంది. పక్కనున్న పెద్ద చెట్టు వైపు చూశాడు, అంతే. అది పెరికి వీళ్లందరినీ చావమోదాలని లోపల ఉంది. ధర్మరాజు ఆ చూపు పట్టుకున్నాడు. పట్టుకుని సభంతా వినేలా అన్నాడు: ‘వలలుం డెక్కడఁ జూచె?’ వేరే చోట చెట్లే పుట్టలేదా, పండ్లతో కొమ్మలతో ఆశ్రయించినవారికి నీడనిచ్చే ఈ చెట్టును వంటకట్టెల కోసం నరకడమెందుకు? సభకు వినబడింది వంటవాడికి చెప్పిన కట్టెల సంగతి. భీముడికి వినబడింది, మనకు ఆశ్రయమిచ్చిన విరాటుడి కొలువును కూల్చకు అని. పద్యంలో మొదటి క్రియే ‘చూచె’ కావడం గమనించండి. ఒక చూపు, ఆ చూపును చదవడం, దానికి రెండర్థాల మాటతో జవాబు చెప్పడం, ఆ జవాబును రెండోవాడు మళ్లీ సరిగ్గా చదువుకోవడం. నాలుగు మెట్లూ ఒక్క పద్యంలో ఉన్నాయి. వెర్బల్, నాన్‌వెర్బల్ విడివిడిగా నడవవని, ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకుని నడుస్తాయని చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం నాకు దొరకలేదు.

భీముడిది ఇంగితమా, సంజ్ఞా? పొరపాటున బయటపడితే ఇంగితం, కావాలని చేస్తే సంజ్ఞ అని నేను పాఠం చెబుతుంటాను. మనోవిజ్ఞానులు పాల్ ఎక్మన్, వాలెస్ ఫ్రీసెన్ 1969లో ముఖమూ చేతులూ కాళ్లూ దాచుకున్న భావాన్ని ఎలా బయటపెడతాయో రాస్తూ దానికి ‘లీకేజ్’ అని పేరుపెట్టారు. అది మన పొక్కడమే. కాళిదాసు రఘువంశంలో దిలీపుణ్ని ‘గూఢాకారేంగితుడు’ (ఆకారాన్నీ ఇంగితాన్నీ దాచుకున్నవాడు) అని మెచ్చుకున్నది కూడా అలా పొక్కనివ్వనందుకే. అయితే కవులందరూ ఇంగితానికీ సంజ్ఞకూ మధ్య ఈ గీతను పాటించారని చెప్పలేను.

సంజ్ఞ నుంచి వచ్చినదే ‘సన్న’. ‘కనుసన్న’లో ఉన్నది అదే, సన్నదనం కాదు. ‘ఆయన కనుసన్నల్లో’ అని రోజూ రాసేవారు అది కంటిసైగ అని ఒకసారి తలచుకుంటే బాగుంటుంది. హావభావాల్లో ‘హావం’ అలంకారశాస్త్రంలో నాయిక విలాసాల్లో ఒకటి, ఇప్పుడు అందరిదీ అయింది, అభ్యంతరం లేదు. ‘ముద్ర’ నాట్యానిది.

గొంతు సంగతి వదిలేయకూడదు. మాట కాకుండా మాట తీరును చెప్పడానికి ‘పరాభాష’ అని ఒక అనువాదం చూశాను. అక్కర్లేదు, ‘కాకువు’ ఉంది. శోకం, భయం లాంటివాటి వల్ల ధ్వనిలో వచ్చే వికారమే కాకువని అమరకోశంలో అమరుడు చెప్పాడు. ‘ఊఁ’ అనే ఒక్క అక్షరం తీసుకోండి. పొట్టిగా అంటే వింటున్నానని. చివర పైకి లేపితే ఏమిటని. సాగదీస్తే నమ్మకం కుదరలేదని. ఫోన్‌లో మీరు చెప్పుకుపోతుంటే అవతలివైపు ‘ఊఁ’లు ఆగిపోయాయనుకోండి, ‘వింటున్నావా?’ అని మీరే ఆగుతారు. వాక్యం ఒక్కటీ రాలేదు, అయినా సంభాషణను నిలబెట్టింది ఆ ‘ఊఁ’లే.

ఒక పొరపాటును మాత్రం గట్టిగానే ఖండించాలి. ‘భావవినిమయంలో మాటల వాటా 7 శాతమే, గొంతుది 38, ముఖానిది 55’ అని వ్యక్తిత్వ వికాస పాఠాల్లో వినబడుతుంటుంది. ఆ అంకెలు మనోవిజ్ఞాని ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో సహచరులతో చేసిన రెండు ప్రయోగాలవి. విడివిడి పదాలను రకరకాల గొంతులతో వినిపించారు. రెండో ప్రయోగంలో ‘కావచ్చు’ అనే అర్థమున్న ఒక్క మాటను వినిపించి, ముఖాల ఫోటోలు చూపించారు. అడిగింది ఇష్టమా అయిష్టమా అన్నదే. మాట ఒకటి చెబుతూ ముఖం ఇంకొకటి చెబితే ఇష్టాయిష్టాల విషయంలో మనం దేన్ని నమ్ముతామన్నదే అక్కడి ప్రశ్న. అన్నిరకాల మాటలకూ దీన్ని అంటగట్టవద్దని మెహ్రాబియనే చెప్పాడు. మాటల విలువ 7 శాతమే అయితే తెలియని భాషలో నడిచే పాఠం గొంతు విని, ముఖాలు చూసే 93 శాతం అర్థం కావాలి. భాషను నమ్ముకుని బతికేవాణ్ని, ఈ అంకెలను విని ఊరుకోలేను.

‘దేహభాష’ అనే మాటా నాకు పూర్తిగా నచ్చదు. భాషకు వ్యాకరణం ఉంటుంది, ఇంగితానికి లేదు. వాడుకలో బలంగా పాతుకుపోయింది కాబట్టి తీసేయమనను.

మరి ఏం రాయాలి? ‘వాచికం, వాచికేతరం’ అనవచ్చా అని కొందరు అడుగుతారు. నాట్యశాస్త్రంలో కాకువు వాచికం కిందికే వస్తుంది, మీ శాస్త్రంలో నాన్‌వెర్బల్ కిందికి వస్తుంది, కనుక అక్కడ పేచీ ఉంది. ‘భాషిక, భాషేతర భావవినిమయం’ అంటే ఉత్తరమూ సంజ్ఞాభాషా సరైన చోట పడతాయి. నా మొగ్గు ప్రస్తుతానికి అటే. ఇంతకన్నా చక్కని మాట ఎవరైనా కడితే సంతోషంగా ఒప్పుకుంటాను. పరీక్షలో మాత్రం మీ పుస్తకంలో ఉన్నదే రాయండి. మీ రెండో సందేహానికి జవాబు: ఆ వ్యాసకర్త వాడింది తప్పు కాదు, పాత అర్థం. కామన్‌సెన్స్ అనే అర్థమూ నిఘంటువుకెక్కదగినంత వ్యాప్తిలో ఉంది కాబట్టి దాన్ని తప్పనను. మీరు రాసేటప్పుడు ‘పరేంగితజ్ఞానం’ అని పూర్తిగా రాస్తే ఏ అర్థమో అన్న సందేహం ఎవరికీ రాదు.