మబ్బులో ఎంత ఎత్తులో ఉన్నామో పైలట్‌కి ఎలా తెలుస్తుంది?

జయపురంలో ఎక్కిన చిన్న విమానం మబ్బులో దూరితే ఎత్తు ఎలా తెలుస్తుందని కదా ప్రశ్న. గాలి ఒత్తిడిని బట్టి. పైకి వెళ్లేకొద్దీ ఒత్తిడి తగ్గి, ఎత్తు చూపే మీటర్ అయిన ఆల్టీమీటర్‌లోని పల్చటి రేకు డబ్బా ఉబ్బుతుంది, ఆ కాస్త కదలికే పళ్లచక్రాల మీదుగా ముల్లును తిప్పుతుంది. పాత ఆల్టీమీటర్లు మరీ మొరటువి. జర్మనీ నుంచి అమెరికా వెళ్లిన పాల్ కోల్స్‌మన్ 1928లో సొంత కంపెనీ పెట్టి, చిన్న తేడా కూడా పట్టే మీటర్ చేశాడు. 1929 సెప్టెంబరు 24న అమెరికన్ పైలట్ జిమ్మీ డూలిటిల్ బయటికేమీ కనపడకుండా కాక్‌పిట్ మూసేసుకుని ఎగిరి దిగింది దీంతోనే (విమానం వాలునూ దిశనూ చూపే స్పెర్రీ కంపెనీ వాళ్ల గైరోలూ ఉన్నాయి లెండి). ఒకటే చిక్కు, వాతావరణంతో పాటు ఒత్తిడీ మారుతుంది కాబట్టి డయల్‌లోని చిన్న కిటికీలో ఆ పూట ఒత్తిడి అంకె పెట్టుకోవాలి. వాయుగుండం రోజున మర్చిపోతే ముల్లు ఉన్నదానికంటే ఎక్కువ ఎత్తు చూపిస్తుంది, మన కొరాపుట్‌లో దేవమాలి కొండ ఏమో 1672 మీటర్లు, దాటేశామనుకుని గుద్దుకునే ప్రమాదం.