మూర్ఛ మందు ఆపితే చదువు బాగుపడుతుందా?

మారతహళ్లి నుంచి అడిగిన సోదరి గారికి,

మీ ఎనిమిదేళ్ల బాబుకు మూర్ఛ అదుపులోకి వచ్చినా ఎక్కాలు నిలవడం లేదనీ, ఇదంతా మందుల వల్లేనని పెద్దవాళ్లు ఆపేయమంటున్నారనీ రాశారు. డాక్టరు చెప్పకుండా మందు ఉన్నట్టుండి ఆపకండి. ఎంతకీ ఆగని ప్రమాదకరమైన మూర్ఛ రావచ్చు.

మందులను అనుమానించడం పూర్తిగా తప్పు కాదు. ఫినోబార్బిటాల్, టోపిరామేట్ వంటివి కొందరిలో ఆలోచన వేగాన్ని తగ్గిస్తాయి, లెవెటిరాసెటమ్‌తో కొందరికి చిరాకు పెరుగుతుంది. అలాంటప్పుడు మందు మార్చడమో మోతాదు సవరించడమో డాక్టరు చూస్తారు. అయితే చాలామంది పిల్లల్లో ఏకాగ్రత లోపం మొదటి మాత్ర వేయకముందే ఉంటుంది, ఎందుకంటే మూర్ఛకు మూలమైన తేడాయే దృష్టిని, జ్ఞాపకాన్ని నడిపే మెదడు వలయాలనూ తాకవచ్చు. పైకి ఏమీ కనిపించకపోయినా నిద్రలో మెదడు విద్యుత్తు అదేపనిగా గాడి తప్పుతుంటే, పగలు నేర్చినది రాత్రి సరిగా స్థిరపడదు. అందుకే నిద్రలో తీసే ఈఈజీ (మెదడు విద్యుత్తును నమోదు చేసే పరీక్ష) అవసరమేమో అడగండి.

హోసూరు రోడ్డులోని మెదడు, మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో జ్ఞాపకశక్తి, ఏకాగ్రతల పరీక్ష గురించి విచారించండి. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, వీధిలో కన్నడ అని ముందే చెప్పాలి (మన బెంగళూరు పిల్లల సంగతి తెలిసిందేగా). సరిగా రాని భాషలో అడిగితే లేని లోపం కనిపిస్తుంది. బాబు పిలిస్తే పలకకుండా క్షణాలపాటు శూన్యంగా చూస్తున్నాడేమో (అదీ మూర్ఛే కావచ్చు) గమనించి, సమయంతో సహా డైరీలో రాయమని టీచరు గారిని కోరండి. వీలైతే ఫోనులో వీడియో తీసి డాక్టరుకు చూపండి.