సముద్రంలో రక్షిత ప్రాంతం ప్రకటిస్తే మత్స్యకారులకు లాభమా, నష్టమా?

నష్టం వెంటనే తెలుస్తుంది, లాభం మెల్లగా వస్తుంది. ఒడిశాలోని గహిర్‌మథనే చూడండి. ఆలివ్ రిడ్లే తాబేళ్ల కోసం 1997లో దాన్ని సముద్ర అభయారణ్యం చేశారు. తాబేలు ఊపిరి కోసం పైకి రావాలి, ట్రాలర్ (పెద్ద వలను ఈడ్చుకెళ్లే మరపడవ) వలలో ఇరుక్కుంటే మునిగి చచ్చిపోతుంది. అందుకే అక్కడా, దేవి, రుషికుల్య నదీముఖాల దగ్గరా ఏటా నవంబర్ 1 నుంచి మే 31 వరకు తీరం నుంచి 20 కిలోమీటర్ల దాకా మరపడవల చేపల వేట ఆపుతారు.

పైగా తూర్పు తీరమంతటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం ఉండనే ఉంది. రెండూ కలిస్తే ఆ నీళ్లలో మరపడవకు దాదాపు ఏడున్నర నెలలు పని లేనట్టే. ఏప్రిల్ నిషేధం మొదలయ్యేదాకా పడవ యజమాని ఇంకా లోతుకు వెళ్లగలడు, డీజిల్ ఖర్చు తట్టుకుంటే. రోజు కూలికి వెళ్లేవాడి గతేంటి? రుషికుల్య ఉన్న గంజాం తీరంలో తెలుగు మాట్లాడే మత్స్యకారులు చాలామందే, వాళ్లకిది ఇంటి సమస్య.

ట్రాలర్లు రాకపోతే చేపపిల్లలు బతుకుతాయి, చిన్న వలలవాళ్లకు పోటీ తగ్గుతుంది. కానీ ఆ ఫలితం కనబడేదాకా ఇల్లు గడవాలిగా! నా లెక్కలో గొడవంతా పరిహారం దగ్గరే.