ఒలింపిక్స్ గడియారం ఎవరి చేతిలో ఉంది?

ప్రశ్న: ఒలింపిక్స్‌లో గెలవడం కన్నా పాల్గొనడమే గొప్ప అని చిన్నప్పుడు మా మాస్టారు చెప్పేవారు. ఇప్పుడు చూస్తే పోటీ కన్నా స్పాన్సర్ల హడావిడే ఎక్కువగా ఉంది. పారిస్‌లో పతకాలు ఇచ్చే వేదిక మీద కూడా శాంసంగ్ ఫోన్ చేతికిచ్చి విజేతలతో సెల్ఫీలు తీయించారు. వ్యాపారం క్రీడాస్ఫూర్తిని మింగేసిందనడం సబబేనా? పూర్వం ఇలా ఉండేది కాదు కదా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

సమాధానం: మీ చివరి వాక్యంతోనే నాకు కొంత పేచీ ఉంది కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింటిలోనూ స్వర్ణాలు గెలిచిన అమెరికా ఆదివాసీ క్రీడాకారుడు జిమ్ థోర్ప్, అంతకుముందు చిన్న బేస్‌బాల్ జట్లలో ఆడి కొద్దిపాటి డబ్బు పుచ్చుకున్నాడన్న కారణంతో మరుసటి ఏడాదే ఆ పతకాలు పోగొట్టుకున్నాడు. వాటి నమూనాలు ఆయన పిల్లల చేతికి అందింది 1983లో. అప్పటికి ఆయన కన్నుమూసి 30 ఏళ్లు. డబ్బు పుచ్చుకుని ఆడేవారికి ఒలింపిక్స్‌లో చోటు లేని రోజులవి. డబ్బు కోసం ఆడనని చెప్పడం ఇంట్లో ఆస్తి ఉన్నవాడికే చెల్లే దర్జా. అందువల్ల మనం తలుచుకుని మురిసిపోయే ఆ పాత స్ఫూర్తి పేదవాడి పట్ల అంత ఉదారంగా ఏమీ లేదు.

వ్యాపారం రావడానికి కారణమూ ఉంది. 1976 క్రీడల కోసం చేసిన అప్పు తీర్చడానికి మాంట్రియల్ నగరానికి 2006 దాకా పట్టింది. ప్రైవేటు డబ్బుతో 1984లో క్రీడలు జరిపిన లాస్ ఏంజెలెస్‌కు మాత్రం 20 కోట్ల డాలర్లకు పైగా మిగిలింది. ఆ లెక్క చూసిన అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ మరుసటి ఏడాదే తన ప్రపంచ స్పాన్సర్ల పథకాన్ని మొదలుపెట్టింది. ఇందులో నాకు తప్పేమీ కనిపించదు. పైగా, బౌండరీ తాడును కూడా వదలకుండా కంపెనీల పేర్లు వేసే మన ఐపీఎల్‌కు అలవాటుపడిన కళ్లతో చూస్తే, పోటీ జరిగే స్థలంలో ప్రకటన బోర్డులు ఉండకూడదన్న ఒలింపిక్ నియమం ముచ్చటగానే అనిపిస్తుంది.

బోర్డులు లేకపోయినా గడియారం మాత్రం అమ్ముడుపోయింది. ఈత పోటీల్లో ఉదయం హీట్స్ (తొలి వడపోత పోటీలు), సాయంత్రం ఫైనల్స్ జరపడం ఆనవాయితీ. ఈతగాళ్ల సాధన, తిండి, నిద్ర అన్నీ దాని చుట్టూనే అల్లుకుని ఉంటాయి. 2008 బీజింగ్‌లో దాన్ని తలకిందులు చేసి హీట్స్‌ను సాయంత్రానికి, ఫైనల్స్‌ను ఉదయానికి మార్చారు. బీజింగ్‌లో ఉదయం 10 గంటలైతే న్యూయార్క్‌లో ముందు రోజు రాత్రి 10 గంటలు; అంటే అమెరికాలో ప్రసార హక్కులు కొన్న ఎన్‌బీసీ టీవీ సంస్థకి అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ ఈతను ప్రత్యక్షంగా చూపించి ప్రకటనలు అమ్ముకోవడానికి సరిగ్గా సరిపోయే వేళ. టోక్యోలోనూ ఇదే జరిగింది. 2032 దాకా హక్కుల కోసం అదే సంస్థ 2014లో 765 కోట్ల డాలర్లకు ఒప్పందం చేసుకున్నదంటే, వేళల దగ్గర ఆ సంస్థ మాట ఎందుకు చెల్లుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ఇంత డబ్బు చేతులు మారుతున్నా, గెలిచినవాడికి ఒలింపిక్ కమిటీ నగదు బహుమతి ఇవ్వదు. ఆదాయంలో 90 శాతం క్రీడారంగానికే తిరిగి పంచుతున్నామని చెబుతుంది. పారిస్‌లో అథ్లెటిక్స్ స్వర్ణ విజేతలకు 50,000 డాలర్ల చొప్పున ఇస్తామని 2024లో ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య ప్రకటించినప్పుడు, అది ఒలింపిక్ విలువలకు విరుద్ధమని మిగతా క్రీడల సమాఖ్యల వైపు నుంచి అభ్యంతరం వచ్చింది. టీవీ హక్కులు వేలకోట్లకు అమ్మినప్పుడు గుర్తురాని విలువలు పరుగెత్తినవాడికి నాలుగు రాళ్లు ఇవ్వబోయేసరికి గుర్తొచ్చాయి. మీరడిగిన ‘మింగేయడం’ నాకు కనిపించేది సెల్ఫీలో కాదు, ఇక్కడ.

ప్రశ్న: పి.వి. సింధు టోక్యోలో పతకం గెలిచినప్పుడు అభినందన ప్రకటనలు ఇచ్చిన కంపెనీల మీద ఆమె తరఫువారు చట్టపరమైన చర్యకు సిద్ధపడ్డారని చదివాను. అభినందిస్తే తప్పేమిటి?
– ఒక పాఠకురాలు, విజయనగరం

సమాధానం: అభినందన మీరూ నేనూ చెబితే తప్పు లేదు. 2021లో ఆమెతో ఏ ఒప్పందమూ లేని కంపెనీలు కొన్ని ఆమె ఫొటో పక్కన తమ గుర్తు వేసుకుని, పైసా చెల్లించకుండా ఆమె పేరును వాడుకున్నాయన్నదే అభ్యంతరం, అది న్యాయమైనదే. దీన్ని ఆనుకుని ఇంకో ముడి ఉంది. ఒలింపిక్ చార్టర్ అనే నిబంధనావళిలోని 40వ నియమం ప్రకారం క్రీడలు జరిగే రోజుల్లో క్రీడాకారుల పేరు, బొమ్మ ప్రకటనల్లో వాడటంపై ఆంక్షలున్నాయి. 2019లో కొంత సడలించినా, నాలుగేళ్లపాటు ఒక అమ్మాయి శిక్షణకు డబ్బు పెట్టిన చిన్న కంపెనీ ఆమె గెలిచిన రోజున ఆచితూచి మాట్లాడాలి. ఆమె పేరు అంతకుముందు వినని పెద్ద కంపెనీ, ఒలింపిక్ కమిటీకి సొమ్ము కట్టినందుకు, అయిదు వలయాల గుర్తు వేసుకుని ఆ రోజంతా సంబరం చేసుకోవచ్చు.