“మాత్ర వేసుకున్నారా?” అని అడక్కండి

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. ఖమ్మం దగ్గర పల్లెలో అమ్మతో ఉంటారు. చాలా ఏళ్లుగా షుగర్ ఉంది, గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ మాత్రలు వాడుతున్నారు. రోజూ ఫోన్ చేసి మాత్ర వేసుకున్నారా అంటే వేసుకున్నా అంటారు, ఎలా ఉంది అంటే బాగానే ఉంది అంటారు. మొన్న హెచ్‌బీఏ1సీ అనే షుగర్ రక్తపరీక్షలో 9.4 వచ్చింది, ఎక్కువే అన్నారు. గట్టిగా అడిగితే ఫోన్ అమ్మకిచ్చేస్తున్నారు. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: హెచ్‌బీఏ1సీ గత రెండు మూడు నెలల సగటు చెబుతుందమ్మా, కాబట్టి 9.4 ఒక్క పూట పెళ్లిభోజనంతో వచ్చేది కాదు. మాత్రలైనా తప్పుతుండాలి, లేదా డోసైనా చాలకపోతుండాలి. అదేంటో ఆయన నోటి నుంచే రావాలి, మీరేమో జవాబు కూడా అందించి మరీ అడుగుతున్నారు. “వేసుకున్నారా?” అంటే ఏ తండ్రైనా కూతురితో “ఆ” అనే అంటాడు. (మా డాక్టర్లలోనూ చాలామంది తల వంచి చీటీ రాస్తూ ఇలాగే అడుగుతారు, అది వేరే కథ.)

“ఈ వారం ఏ పూట మాత్ర ఎక్కువగా తప్పింది నాన్నా?” అని అడిగి చూడండి. తప్పడం మామూలే అన్నట్టు అడిగితే ఆయనకు దాచాల్సిన పని ఉండదు. “ఎందుకు మానేశారు” అంటే మాత్రం తిట్టినట్టే వినిపిస్తుంది. అడిగాక కాసేపు ఊరుకోండి. మీరే అందుకుని “పనిలో పడి మర్చిపోయారా” అంటే ఆయన దానికే ఊ కొట్టేస్తారు, అసలు సంగతి లోపలే ఉండిపోతుంది.

ఆ అసలు సంగతి చాలాసార్లు భయం. గ్లిమిపిరైడ్ వేసుకుని అన్నం ఆలస్యమైతే షుగర్ 70 కంటే కిందికి దిగిపోవచ్చు. చెమటలు, చేతుల వణుకు, కళ్లు తిరగడం. పొలం గట్టు మీద ఒక్కసారి అలా అయిందంటే పెద్దవాళ్లు మాత్ర ఆపేస్తారు, ఇంట్లో టెన్షన్ పడతారని చెప్పరు. అందుకే “అన్నం ఆలస్యమైన రోజు ఒంట్లో ఎలా ఉంటోంది?” అనండి. అలాగే షుగర్‌తో పాదాల్లో స్పర్శ తగ్గుతోందేమో తెలుసుకోవాలి. “కాళ్లు తిమ్మిర్లా?” అంటే లేవంటారు, “నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియట్లేదా?” అంటే ఆగి ఆలోచిస్తారు. తెలియట్లేదంటే పాదాల పరీక్ష ఆలస్యం చేయొద్దు.

షుగర్ పడిపోయినట్టుంటే మూడు టీ చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలాగి గ్లూకోమీటర్‌తో చూసుకోవాలి, ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ తాగాలి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికే తీసుకెళ్లాలి. మాత్ర మార్చాలా, డోసు తగ్గించాలా అన్నది ఆయన్ని చూసే డాక్టరుకు వదిలేయండి, ఫోన్‌లో విన్నది ఆయన మాటల్లోనే రాసి తీసుకెళ్లండి. ఈలోపు ఒక పూట తప్పిందని తర్వాతి పూట రెండేసి వేసుకోనివ్వొద్దు.