ఎన్నిసార్లు చూసినా గ్యారంటీ ఎందుకు రాదు? (సమాధానం)

మీరు హ్యూమ్‌ని లాక్‌కి ప్రత్యర్థిగా చదువుతున్నారు (ఇద్దరూ అనుభవవాదులైన బ్రిటిష్ తత్వవేత్తలే), చిక్కంతా అక్కడే. 'జ్ఞానమంతా అనుభవం నుంచే అయితే, ఎక్కువసార్లు చూసేకొద్దీ ఇకపైనా అలాగే జరుగుతుందన్న గ్యారంటీ పెరగాలి కదా' అని అడిగారు. 'జ్ఞానమంతా అనుభవం నుంచే' అని లాక్ 1689లో పెట్టిన రూలునే హ్యూమ్ చివరిదాకా లాగాడు, అంతే.

1. లాక్: పుట్టుకతో వచ్చే భావాలేవీ లేవు. దీనికి అర పేజీ నోట్స్ చాలు.

2. హ్యూమ్ (1739, 1748 పుస్తకాల్లో): నిప్పు చూశాం, వేడి తెలిసింది. ఆ రెంటినీ కట్టిపడేసే 'తప్పనిసరి'ని మాత్రం ఎవరూ చూడలేదు.

3. అందరూ దాటేసేది ఇది. మన గుంటూరు మిర్చి యార్డులో వ్యాపారి బస్తాలోంచి నాలుగు కాయలు తీసి, తుంచి, రంగు చూసి రేటు చెప్తాడు. మిగతావీ అలాగే ఉంటాయని నమ్మకం. అనుమానమొస్తే బస్తా గుమ్మరించి చూడొచ్చు. రేపటిని గుమ్మరించలేం కదా! 'ఇన్నాళ్లూ నిన్నటిలాగే నడిచింది, ఇకపైనా నడుస్తుంది' అంటారా? ఏది రుజువు చేయాలో దాన్నే ముందు ఒప్పేసుకున్నారు. వెయ్యిసార్లు చూసినా ఇదే గొడవ.

4. 'హ్యూమ్ సైన్సు వద్దన్నాడు' అని రాయకండి, మార్కులు పోతాయి. ఇలా నమ్మడం అలవాటు వల్లే, అది లేకుండా బతకలేం అన్నాడు.

ఆన్సర్‌లో చార్వాకుల్ని (మన ప్రాచీన భౌతికవాదుల్ని) కూడా పెట్టండి. ప్రత్యక్షమే ప్రమాణమన్నారు వాళ్లు, అంటే ఇంద్రియాలతో నేరుగా తెలిసిందే నమ్మదగిన జ్ఞానమని. పొగ ఉన్న ప్రతిచోటా నిప్పు ఉందని ఎవరు చూసొచ్చారని అడిగారు. నాకైతే హ్యూమ్ కంటే వాళ్ల దారిలోనే ఇది త్వరగా ఎక్కింది.

హ్యూమ్‌కి జవాబు చెప్పబోయిన జర్మన్ తత్వవేత్త కాంట్ (1781) జోలికి ఇప్పుడే పోకండి. ముందు మూడోది పుస్తకం మూసి మీ మాటల్లో రాయండి.