ముక్కు పక్కన ఎరుపు, పొట్టు: క్రీమ్ ఆపగానే మళ్లీ ఎందుకు వస్తోంది?

ప్రశ్న: నా వయసు 31. మాది అనంతపురం. ఉద్యోగరీత్యా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాను. మూడేళ్లుగా ముక్కుకు రెండు పక్కలా, కనుబొమల దగ్గరా చర్మం ఎర్రబడి పొట్టు రాలుతోంది. తలలో చుండ్రు కూడా ఉంది. మెడికల్ షాపులో ఇచ్చిన స్టిరాయిడ్ క్రీమ్ రాస్తే రెండు రోజుల్లో తగ్గుతుంది, ఆపిన వారానికే మళ్లీ మొదలవుతుంది. ఇక్కడి బోరు నీళ్లే కారణమని స్నేహితులు అంటున్నారు. కొబ్బరినూనె రాయమని అమ్మ అంటోంది. ఇది పూర్తిగా పోయే మార్గం లేదా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: ముఖాన్ని చూడకుండా నిర్ధారణ చేయడం సరికాదు గానీ, మీరు చెప్పిన చోట్లను బట్టీ, తోడుగా ఉన్న చుండ్రును బట్టీ ఇది సెబోరిక్ డెర్మటైటిస్ అయ్యే అవకాశమే ఎక్కువ. మన అందరి చర్మం మీదా మలసీజియా అనే ఈస్ట్ జాతి శిలీంధ్రం ఉంటుంది. తైలగ్రంథులు ఎక్కువగా ఉండే తల, కనుబొమలు, ముక్కు పక్క మడతలు, చెవుల వెనుక భాగం, ఛాతీ మధ్యభాగం దానికి అనువైన చోట్లు. చర్మం స్రవించే జిడ్డును అది విడగొట్టినప్పుడు కొన్ని కొవ్వు ఆమ్లాలు విడుదలవుతాయి. చాలామందికి వాటివల్ల ఏ ఇబ్బందీ ఉండదు, కొందరి చర్మం మాత్రం వాటికి ఎర్రబడి, దురదపెట్టి, పొట్టు రాలుస్తుంది. కనుక ఇది ఒకరి నుంచి మరొకరికి అంటుకునే జబ్బు కాదు, ముఖం సరిగా కడుక్కోకపోవడం వల్ల వచ్చిందీ కాదు. ఆ శిలీంధ్రాన్ని చర్మం మీద నుంచి శాశ్వతంగా తొలగించలేం కాబట్టి సమస్య మళ్లీ రాదని ఏ డాక్టరూ హామీ ఇవ్వలేరు. అయితే ఏడాదిలో ఎక్కువ కాలం అది బయటికి కనిపించకుండా అదుపులో ఉంచడం సాధ్యమే.

మీ విషయంలో నాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తున్నది జబ్బు కన్నా ఆ క్రీమ్. స్టిరాయిడ్ వాపును అణచివేస్తుందే తప్ప శిలీంధ్రం మీద పనిచేయదు, అందుకే ఆపగానే ఎరుపు తిరిగి వస్తుంది. బీటామెథసోన్, క్లోబెటసాల్ వంటి శక్తిమంతమైన స్టిరాయిడ్లను ముఖానికి నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, సన్నటి రక్తనాళాలు పైకి తేలతాయి, మొటిమల్లాంటి పొక్కులు వస్తాయి, చివరికి క్రీమ్ లేకపోతే ముఖం మండిపోయే స్థితి ఏర్పడుతుంది. స్టిరాయిడ్‌కు యాంటీబయోటిక్, యాంటీఫంగల్ మందులు కలిపి అమ్మే ట్యూబులు ఇంకా మోసకరం, ఎందుకంటే వాటిని చాలామంది మామూలు దురద మందు అనుకుంటారు. మీరు దాదాపు రోజూ వాడుతూ వచ్చి ఉంటే ఒక్కసారిగా మానకుండా, చర్మవైద్యుల పర్యవేక్షణలో తగ్గించుకుంటూ రండి.

సాధారణంగా మేం ముందుగా ఇచ్చేది శిలీంధ్రాన్ని అణచే 2 శాతం కీటోకోనజోల్ క్రీమ్. దీన్ని రోజుకు రెండుసార్లు పలచగా, 2 నుంచి 4 వారాలు రాయాలి. రెండు రోజుల్లో తేడా కనిపించదు, స్టిరాయిడ్ వేగానికి అలవాటుపడినవారు ఇక్కడే ఓపిక కోల్పోయి పాత ట్యూబు తీస్తారు. తలను అలాగే వదిలేసి ముఖానికే మందు రాసినా ఫలితం నిలవదు. 2 శాతం కీటోకోనజోల్ షాంపూను వారానికి రెండుసార్లు తలకు పట్టించి, ఆ నురగనే కనుబొమలకు, గడ్డం ఉంటే గడ్డానికి కూడా తాకించి, కళ్లలో పడకుండా చూసుకుంటూ ఐదు నిమిషాల తర్వాత కడిగేయాలి. ఎరుపు తీవ్రంగా ఉన్నప్పుడు తేలికపాటి స్టిరాయిడ్ అయిన 1 శాతం హైడ్రోకార్టిసోన్‌ను కొద్ది రోజులకే పరిమితం చేసి ఇస్తాం. పదేపదే తిరగబెట్టేవారికి స్టిరాయిడ్ కాని పూతమందులైన టాక్రోలిమస్ లేదా పిమెక్రోలిమస్ మేలు, వీటితో మొదటి కొద్ది రోజులు మంట ఉండవచ్చు. కీటోకోనజోల్ మాత్రలు మాత్రం ఎవరు చెప్పినా ఈ సమస్యకు మింగకండి, కాలేయానికి ప్రమాదం.

ముఖం శుభ్రపడ్డాక మందు పూర్తిగా మానేయడం చాలామంది చేసే పని. షాంపూను వారానికో, రెండు వారాలకో ఒకసారి కొనసాగిస్తే తిరగబెట్టడం బాగా తగ్గుతుంది. డిసెంబరు, జనవరిల్లో బెంగళూరు గాలి చల్లగా, పొడిగా ఉండే రోజుల్లో దీన్ని అసలు వదలకండి.

బోరు నీళ్లు ఈ జబ్బుకు మూలం కావు. కాకపోతే ఉప్పదనం, గట్టిదనం ఉన్న నీటిలో సబ్బు సరిగా పోక చర్మం మీద మిగిలి, పొడిబారడాన్ని పెంచుతుంది. అందుకని సబ్బు మాని, సువాసన లేని తేలికపాటి ఫేస్‌వాష్‌ను గోరువెచ్చని నీటితో వాడండి. అమ్మగారి సలహాను ఈ ఒక్క విషయంలో పక్కన పెట్టవలసిందే: నూనెల్లోని కొవ్వు ఆమ్లాలు మలసీజియాకు ఆహారం, పైగా రాత్రంతా తలకు నూనె ఉంచుకుంటే అది నుదుటికి, కనుబొమలకు జారుతుంది. ఫలానా కూర మానేస్తే తగ్గుతుందన్న మాటకు ఆధారం లేదు. నిద్రలేమి, పని ఒత్తిడి మాత్రం నిజంగానే దీన్ని రేపుతాయి.

ఎరుపు తగ్గినచోట చర్మం తెల్లగా కనిపిస్తే కంగారుపడకండి, మన చామనఛాయ చర్మంలో అది మామూలే, కొన్ని నెలల్లో రంగు తిరిగి వస్తుంది. నాలుగు వారాల చికిత్సకూ లొంగకపోయినా, అంచులు గుండ్రంగా పాకుతున్నా, కనురెప్పలు అంటుకుపోతున్నా, ఎండకు బుగ్గలు ఎర్రబడి కీళ్ల నొప్పులు తోడైనా చర్మవైద్యులకు చూపించండి. సోరియాసిస్, తామర, రొజేషియా (బుగ్గలు, ముక్కు ఎర్రబడే జబ్బు), లూపస్ (రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరం మీదే దాడిచేసే జబ్బు) వంటివి దీన్ని పోలి ఉంటాయి. వెళ్లేటప్పుడు ఇప్పటివరకూ వాడిన ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, వెంట తీసుకువెళ్లండి.